పల్స్ 78, బీపీ 108/84: ఉద్దానంలో కొబ్బరి చెట్టు మీంచి పడ్డ మనిషి కేసు

57 ఏళ్ల మనిషి. పలాస అవతల ఉద్దానంలో ఊరు, పని కొబ్బరి దింపు. రాత్రంతా వాన పడి మాను నాని ఉంది, అయినా ఆ రోజుకి దింపు ఒప్పేసుకున్నాడు కాబట్టి తెల్లవారగానే ఎక్కాడు, దాదాపు ముప్పై అడుగుల ఎత్తు నుంచి ఎడమ పక్కగా పిర్రల మీద పడ్డాడు. శ్రీకాకుళంలో మా ఎమర్జెన్సీకి వచ్చేసరికి ఉదయం 9:12. 108 టెక్నీషియన్ పేషెంటుని అప్పగిస్తూ "సార్, పల్స్ 78, బీపీ 108 బై 84, మాట్లాడుతున్నాడు, స్టేబుల్" అన్నాడు. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్‌లో పసుపు ట్యాగ్ వేశారు. అంటే చూడాలి గానీ ఇప్పటికిప్పుడు కాదు అని.

అప్పటికే ఆ మనిషి ఒంట్లో రక్తం లీటరుకు పైగా పోయి ఉంటుందని తర్వాత లెక్క వేసుకున్నాం. పసుపు ట్యాగ్‌తో ఏడు నిమిషాలు స్ట్రెచర్ మీద ఉన్నాడు. ఈ కేసు రాయడానికి ఆ ఏడు నిమిషాలే కారణం. జూనియర్లకీ, పీహెచ్‌సీల్లో ఒంటరిగా డ్యూటీ చేసే డాక్టర్లకీ, నర్సులకీ పనికొస్తుందని రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

ముందు దారిలో ఏం జరిగిందో చెప్పాలి, ఎందుకంటే సగం కథ అక్కడే ఉంది. పడగానే పక్క తోటలో వాళ్లు వచ్చి లేవదీసి ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. వాళ్లని ఒక్క మాట కూడా అనను, ఆ సమయంలో అలాగే తోస్తుంది ఎవరికైనా. కానీ విరిగిన పెల్విస్‌తో, అంటే నడుం కింద తొడలు వచ్చి కలిసే ఆ ఎముకల గూడు విరిగి ఉన్నప్పుడు, మనిషిని మడిచి కూర్చోబెడితే అప్పుడప్పుడే కడుతున్న రక్తం గడ్డ కదిలిపోయి మళ్లీ కారడం మొదలవుతుంది. అక్కడి ఆసుపత్రిలో చేతి వెనక నీలం క్యానులా ఒకటి పెట్టి, లీటరున్నర సెలైన్ ఎక్కించి, నొప్పికి పిర్రకి డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వేసి 108 ఎక్కించారు. పెల్విస్‌కి ఏదీ కట్టలేదు. నీలం క్యానులా అంటే 22 గేజ్, దాంట్లోంచి నిమిషానికి 35 మి.లీ. చుట్టూ వెళ్తుంది, అదే బూడిద రంగు 16 గేజ్ పెడితే 180 చుట్టూ వెళ్తుంది. ట్రామా పేషెంటుకి, అంటే పెద్ద దెబ్బలు తగిలిన మనిషికి, చేతి వెనక నీలం క్యానులా పెట్టి "ఐవీ లైన్ ఉంది" అని రాసుకోవడం మన జిల్లాలో నేను రోజూ చూస్తున్న తప్పు. మోచేతి మడతలో పెద్ద నరం అప్పటికి ఇంకా దొరుకుతుంది, గంట తర్వాత దొరకదు.

మా దగ్గర పట్టుకున్నది నేను కాదు, స్టాఫ్ నర్సు. ఆక్సిజన్ ప్రోబ్ వేలికి పెడితే రీడింగ్ రావడం లేదని ఇంకో వేలికి మార్చింది, అదీ రాలేదు, అప్పుడు చెయ్యి పట్టుకుని చూస్తే మోచెయ్యి దాకా చల్లగా, చెమటతో తడిగా ఉంది. ఆయన ఆపకుండా "బాబూ, దాహమేస్తంది, గుక్కెడు నీల్లియ్యి బాబూ" అంటున్నాడు, పక్కన భార్య సంచిలోంచి నీళ్ల సీసా తీస్తోంది. నర్సు ఆవిడ్ని ఆపి, రోజూ ఏమైనా మందులు వాడతాడా అని అడిగింది. "బీపీ మాత్తర్లు రోజూ ఏసుకుంటాడమ్మా, పొద్దున్న టీ తాగీసి, అవి ఏసుకుని మరీ సెట్టెక్కినాడు." సంచిలో స్ట్రిప్ చూస్తే అటెనొలాల్ 50, బీటా బ్లాకర్ రకం మందు. అదే సంచిలో పీహెచ్‌సీ బీపీ పుస్తకం కూడా ఉంది, అందులో గత నెల రాసిన బీపీ 160/100.

నర్సు పరుగెత్తుకొచ్చి నాకు చెప్పిన వాక్యం కేస్ షీటులో అక్షరాలా రాసి ఉండాల్సింది: "సార్, ఆయన బీటా బ్లాకర్ మీద ఉన్నాడు, చేతులు చల్లగా ఉన్నాయి, పల్స్ నమ్మడానికి లేదు."

కొంచెం ఆగి దీన్ని విడమరచి చెప్తాను. రక్తం పోతుంటే ఒళ్లు మొదట చేసే పని గుండెని పరుగెత్తించడం, చర్మానికీ పేగులకీ వెళ్లే రక్తనాళాల్ని బిగించి ఉన్న రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్లించడం. అందుకే మామూలు మనిషిలో ముందు పల్స్ పెరుగుతుంది, బీపీ చాలాసేపు నిలబడుతుంది. ఒంట్లో రక్తం 30 శాతం పోయేదాకా పై బీపీ పడకపోవచ్చని ఏటీఎల్‌ఎస్ అనే ట్రామా కోర్సు చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు, కానీ డ్యూటీలో మానిటర్ మీద 108 కనబడితే ఆ చదివింది గుర్తుకు రాదు. ఇక అటెనొలాల్ వేసుకున్న మనిషిలో ఆ మొదటి హెచ్చరిక గంట కూడా మోగదు. గుండె పరుగెత్తాలనుకున్నా మందు పరుగెత్తనివ్వదు. రక్తనాళాలు బిగిసే పనిని మాత్రం ఆ మందు ఆపదు, కాబట్టి కింది బీపీ పెరుగుతుంది, పై బీపీకీ కింది బీపీకీ తేడా తగ్గిపోతుంది, చేతులు చల్లబడతాయి. మా పేషెంటులో 108కీ 84కీ తేడా 24 మాత్రమే. ఆ అంకె మా కళ్ల ముందే ఉంది.

షాక్ (ఒంటికి రక్తం చాలని స్థితి) ఇండెక్స్, అంటే పల్స్‌ని పై బీపీతో భాగిస్తే వచ్చేది, దాన్ని నమ్ముకున్నవాళ్లకి కూడా ఇక్కడ దెబ్బే. 78ని 108తో భాగిస్తే 0.72. కొంచెం ఎక్కువ అనిపిస్తుంది అంతే, 1 దాటితే పడే కంగారు పడరు ఎవరూ. పైగా ఎప్పుడూ 160 ఉండే మనిషికి 108 అంటే యాభై పడిపోయినట్టు. అంటే ఆయన లెక్కలో అది అప్పటికే లో బీపీ.

9:19కి రెడ్ ఏరియాలోకి మార్చాం. నేను చూసినప్పుడు శ్వాస నిమిషానికి 28, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి నాలుగైదు సెకన్లు, టెంపరేచర్ 35.1, మాటలు వస్తున్నాయి కానీ స్థిమితం లేదు, చెయ్యి విదిలించుకుంటున్నాడు, స్పృహ కొలిచే జీసీఎస్ 15కి 14. ఆ విదిలింపుని "కోఆపరేట్ చెయ్యట్లేదు" అని రాసేస్తుంటాం మనం. మెదడుకి రక్తం చాలకపోతే మనిషి అలాగే ఉంటాడు. దాహం కూడా అంతే, అది అలవాటుగా అడిగే నీళ్లు కాదు, రక్తం తగ్గిన ఒళ్లు అరుస్తున్న అరుపు. ఆపరేషన్‌కి వెళ్లే అవకాశం ఉన్న మనిషికి నీళ్లు ఇవ్వలేం కాబట్టి తడి గుడ్డతో పెదాలు తడపమని భార్యకి చెప్పాను. ఆవిడకి చేతిలో ఓ పని ఉండడం వల్ల కూడా మేలు జరిగింది, ఏడుపు ఆపి తలదగ్గర నిలబడింది.

పైకి కారే పెద్ద రక్తస్రావం ఉందేమో ముందు చూశాం, చేతుల మీదా ఛాతీ మీదా మానుకి గీసుకున్న గాయాలు తప్ప ఏమీ లేదు. ఈ రోజుల్లో ఏబీసీకి (శ్వాస మార్గం, శ్వాస, రక్త ప్రసరణ) ముందు ఇంకో అడుగు చేర్చింది అందుకే, ధారగా కారుతున్న రక్తాన్ని వదిలేసి గొంతు చూస్తూ కూర్చోకూడదు. శ్వాస మార్గం సరిగ్గా ఉంది, మాట్లాడుతున్నాడు. మెడ కదలకుండా పట్టాం. ఛాతీలో ఎడమ పక్క కింది పక్కటెముకల దగ్గర నొప్పి ఉంది, ఊపిరితిత్తులు రెండు వైపులా కదులుతున్నాయని అల్ట్రాసౌండ్‌లో చూసుకున్నాం, కాబట్టి ఛాతీలో గాలి చిక్కుకుని ఊపిరితిత్తిని నొక్కేసే టెన్షన్ న్యూమోథొరాక్స్ కాదు. ఇదంతా రెండు నిమిషాల్లోపే.

తర్వాత పెల్విస్. ఎడమ కాలు కుడి కాలికన్నా పొట్టిగా, కొంచెం బయటికి తిరిగి ఉంది. అది చాలు. పెల్విస్‌ని రెండు చేతులతో నొక్కి, విదిలించి "కదులుతోందా" అని చూడకండి దయచేసి. కదులుతుంటే ఆ కదిలించడమే ఇంకో అరలీటరు తీసుకుంటుంది. మా దగ్గర ఆ రోజు పెల్విస్‌కి కట్టే కంపెనీ బైండర్ లేదు. దుప్పటిని జానెడు వెడల్పుకి మడిచి కట్టాం. మొదట మా ఇంటర్న్ పొట్ట మీద, నడుం ఎముకల పైన కట్టబోయాడు. అందరూ చేసే తప్పే, అక్కడ కడితే ఒక్కోసారి కింద ఇంకా విచ్చుకుంటుంది. కట్టాల్సింది ఇంకా కిందికి, తొడ ఎముక పక్కకి పొడుచుకొచ్చినట్టు చేతికి తగులుతుందే, ఆ ఎత్తులో. ప్యాంటు జేబులు ఉండే చోటు అని నేను చెప్తుంటాను. ఇద్దరు ఎదురెదురుగా లాగి, ముడి వేసి, మోకాళ్లు రెండూ కలిపి కట్టి, పాదాలు లోపలికి తిప్పి కట్టాం. పైనుంచి పడ్డ కేసుల్లో ఎముకల గూడులో ఒక సగం పైకి జరిగిపోతుంది, అందుకే ఆర్థో డాక్టరు వచ్చాక ఆ కాలుని మెల్లగా కిందికి లాగి ట్రాక్షన్ కూడా పెట్టారు. దుప్పటి బిగించాక ఆయన మొదటిసారి "కొంచెం నొప్పి తగ్గింది బాబూ" అన్నాడు. ఆ గూడు విచ్చుకుని ఉన్నంతసేపూ అందులో లీటర్ల కొద్దీ రక్తం దాక్కోగలదు. దగ్గరికి లాగితే ఆ చోటు తగ్గుతుంది, విరిగిన ఎముక కొసలూ సిరలూ కారడం నెమ్మదిస్తుంది.

ఇదంతా జరుగుతుంటే మా టీములో ఒకరు ఒక మంచి ప్రశ్న వేశారు. పైనుంచి పడ్డాడు, పల్స్ పెరగలేదు, వెన్నెముక దెబ్బ తిని న్యూరోజెనిక్ షాక్ కావచ్చు కదా, రక్తనాళాల్ని బిగించి బీపీ పెంచే నారడ్రినలిన్ మొదలుపెడదామా? ప్రశ్న తప్పు కాదు. కానీ న్యూరోజెనిక్ షాక్‌లో రక్తనాళాలు వదులైపోయి కాళ్లూ చేతులూ వెచ్చగా, పొడిగా ఉంటాయి, కాళ్లు కదపలేకపోవడం లాంటివి కనిపిస్తాయి. ఈయన చేతులు మంచులా ఉన్నాయి, రెండు పాదాల వేళ్లూ కదుపుతున్నాడు. ఇంకా ముఖ్యమైన మాట, ట్రామాలో షాక్ అంటే వేరే ఏదో అని తేలేదాకా అది రక్తస్రావమే అనుకుని పని చెయ్యాలి. రక్తం కారుతున్న మనిషికి రక్తం ఎక్కించకుండా డోపమిన్ డ్రిప్పో నారడ్రినలిన్ డ్రిప్పో తగిలించి అంకె బాగుందని పంపడం మన దగ్గర చాలా ఎక్కువ. కుండకి చిల్లు పడితే మూతి బిగించి ఏం లాభం?

ఇక ట్రానెక్సామిక్ యాసిడ్, కట్టిన రక్తం గడ్డ కరిగిపోకుండా చూసే మందు. ఇక్కడ టైమే అంతా. 2010లో వచ్చిన క్రాష్-2 ట్రయల్‌లో 40 దేశాల్లో 20 వేల మందికి పైగా ట్రామా పేషెంట్ల మీద చూశారు, దెబ్బ తగిలిన మూడు గంటల లోపు ఇస్తే ప్రాణాలు దక్కుతాయి, ఎంత ముందు ఇస్తే అంత మేలు. మూడు గంటలు దాటాక ఇస్తే మాత్రం రక్తస్రావంతో చనిపోయే ప్రమాదం పెరిగిందని మరుసటి ఏడు అదే ట్రయల్ లెక్కల్లోంచి తేల్చారు. అంటే ఎన్ని గంటలకి పడ్డాడో కచ్చితంగా తెలియాలి. భార్య "తెల్లారగట్ల" అంటుంది, 108 షీటులో ఉన్నది వాళ్లు పేషెంటుని ఎక్కించుకున్న టైము. వెంట వచ్చిన తమ్ముడిని అడిగాను, పడగానే ఎవరికైనా ఫోన్ చేశారా అని. విశాఖలో ఉన్న పెద్ద కొడుక్కి చేశాడట. ఫోన్ తీసి కాల్ లాగ్ చూపించాడు, 6:43. చూడగానే చేశాడు కాబట్టి 6:40 ప్రాంతంలో పడ్డాడు అనుకున్నాం. అంటే 9:40కి తలుపు మూసుకుంటుంది. 9:28కి ఒక గ్రాము పది నిమిషాల్లో వెళ్లేలా మొదలుపెట్టాం, తర్వాత ఇంకో గ్రాము ఎనిమిది గంటల పాటు. పన్నెండు నిమిషాల తేడాతో దక్కింది. ఈ మందు ఖరీదైనది కాదు, ఫ్రిజ్ అక్కర్లేదు, పైగా మొదటి ఆసుపత్రిలో 7:20కే ఇవ్వగలిగి ఉండేవాళ్లు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. ఆ రోజు నుంచి ప్రతి ట్రామా కేసులోనూ బంధువుల ఫోన్ కాల్ లాగ్ అడుగుతున్నాను.

రెండు మోచేతుల్లో రెండు 16 గేజ్ క్యానులాలు పడ్డాయి, రక్తం శాంపిల్స్ అక్కడే తీశాం. బ్లడ్ గ్యాస్‌లో పీహెచ్ 7.21, ఒంటికి రక్తం చాలనప్పుడు పెరిగే లాక్టేట్ 6.8. హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది, దాన్ని చూసి ఒకరు ఊపిరి పీల్చుకోబోయారు. అప్పుడే పోతున్న రక్తంలో హిమోగ్లోబిన్ వెంటనే పడదు, పోయేటప్పుడు కణాలూ నీరూ కలిసే పోతాయి కదా, మిగిలినది అంతే చిక్కగా ఉంటుంది. ఒంట్లోని నీరో బయటి నుంచి ఇచ్చిన సెలైనో కలిసి పలచబడ్డాకే అంకె తగ్గుతుంది. ఆ గంటలో లాక్టేట్ చెప్పేది వినాలి, హిమోగ్లోబిన్ చెప్పేది కాదు.

బ్లడ్ బ్యాంకుకి ఫోన్ 9:23కే చేశాం, గ్రూపు తెలియకముందే. మగ పేషెంటు కాబట్టి క్రాస్ మ్యాచ్ లేకుండా ఓ పాజిటివ్ రెండు యూనిట్లు అడిగాం. ఓ నెగెటివే కావాలని పట్టుబడితే మన దగ్గర దొరికేసరికి మనిషి ఉండడు. పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్ల విషయంలోనే ఓ నెగెటివ్‌కి అంత పట్టింపు. ప్లాస్మా కూడా అప్పుడే చెప్పేశాం, ఎందుకంటే గడ్డకట్టి ఉన్న ప్లాస్మా కరగడానికే ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అవసరమైనప్పుడు అడుగుదాంలే అనుకుంటే అప్పటికి ఆలస్యమైపోతుంది. ఊరి నుంచి ఒక వ్యానులో పదిమంది కుర్రాళ్లు దిగారు, "మా రత్తం తీసుకోండి బాబూ" అంటూ. వాళ్లందర్నీ బ్లడ్ బ్యాంకుకి పంపాం. తీసిన రక్తాన్ని హెచ్ఐవీ, కామెర్లు, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చెయ్యకుండా నేరుగా ఎక్కించకూడదని వాళ్లకి నచ్చజెప్పడానికి ఒక మనిషిని కేటాయించాల్సి వచ్చింది. వాళ్ల రక్తం ఆయనకి ఆ గంటలో ఎక్కకపోయినా, మేం ఖాళీ చేసిన అరలు నిండింది వాళ్ల వల్లనే.

9:26కి పొట్టలో రక్తం ఉందేమో చూసే అల్ట్రాసౌండ్, ఫాస్ట్ స్కాన్, నెగెటివ్. 9:36కి బీపీ 72/50. పల్స్ ఎంతో తెలుసా, 86. అంత పడినా 86 దాటలేదు. టీములో ఇంకా సందేహపడుతున్నవాళ్లకి కూడా అప్పుడు అర్థమైంది.

9:41కి మొదటి ఓ పాజిటివ్ యూనిట్ వేలాడింది. అప్పటిదాకా మేమిచ్చిన సెలైన్ అరలీటరే, ఇంకా ఇమ్మని ఒత్తిడి ఉన్నా ఇవ్వలేదు. 2018లో వచ్చిన ఏటీఎల్‌ఎస్ పదో ఎడిషన్ మొదట్లో ఇచ్చే సెలైన్‌ని ఒక్క లీటరుకి తగ్గించింది, ఈయనకి అంతకంటే ఎక్కువ ముందే ఎక్కింది. సెలైన్‌లో ఆక్సిజన్ మోసే కణాలు ఉండవు, గడ్డ కట్టించేవి ఉండవు, పైగా చల్లగా ఉంటుంది. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టదు, గడ్డకట్టకపోతే ఇంకా కారుతుంది, కారితే ఆమ్లం పెరుగుతుంది, అది మళ్లీ గడ్డకట్టనివ్వదు. 35.1 దగ్గర ఉన్న మనిషికి తడి బనీను, తడి పంచె ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. కత్తెరతో కత్తిరించి తీసేశాం, ఏసీ ఆపించాం, రెండు కంబళ్లు కప్పాం, సెలైన్ వెచ్చబెట్టే క్యాబినెట్‌లోని బాటిళ్లే వాడాం. మొదటి యూనిట్లతోనే కాల్షియం కూడా. రక్తం సంచిలో గడ్డకట్టకుండా వేసే సిట్రేట్ మన ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది, కాల్షియం లేకపోతే గుండె గట్టిగా కొట్టదు, రక్తం గడ్డకట్టదు. మా దగ్గర ఉండేది గ్లూకోనేట్, 10 శాతం 10 మి.లీ. ఆంపూల్. దాంట్లో ఉండే కాల్షియం అదే కొలత క్లోరైడ్‌లో ఉండేదాంట్లో మూడో వంతే, కాబట్టి ఒక ఆంపూల్ ఇచ్చి అయిపోయింది అనుకోకూడదు.

బీపీ ఎంత దగ్గర ఆపాలి అనేదాంట్లో నాకు అంత సులువుగా నిర్ణయం రాలేదు. రక్తం ఆగేదాకా పై బీపీ 80, 90 మధ్య ఉంచితే గడ్డ కొట్టుకుపోదని మనం నేర్చుకున్నది. తలకి దెబ్బ ఉంటే ఆ లెక్క పనికిరాదు, 100, 110కి తగ్గనివ్వకూడదు. ఈయన తలకి దెబ్బ కనిపించలేదు, కానీ జీసీఎస్ 14. మామూలు బీపీ 160. పైగా ఉద్దానం మనిషి. కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు ఇంటింటికీ ఉన్న చోటు నుంచి వచ్చాడు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంకా చేతికి రాలేదు, కిడ్నీకి పడని డైక్లోఫెనాక్ ఇంజక్షన్ ఒంట్లో ఉంది. కిడ్నీల మీద ఇన్ని దెబ్బలు ఉన్నప్పుడు 80 దగ్గర గంటసేపు ఉంచే ధైర్యం నాకు లేదు. 100 దగ్గర పెట్టుకుందాం, అది కూడా రక్తంతోనే, అని అనుకున్నాం. తర్వాత క్రియాటినిన్ 1.9 వచ్చింది.

9:50కి ఫాస్ట్ మళ్లీ చేశాం. ఈసారి ఎడమ కిడ్నీకీ ప్లీహానికీ మధ్య నల్లటి చార. ఇరవై నాలుగు నిమిషాల ముందు లేనిది. మొదటి ఫాస్ట్ నెగెటివ్ అయితే ఆ మాటకి అర్థం "ఇప్పటికి కనిపించేంత లేదు" అని మాత్రమే, కాబట్టి పేషెంటు దిగజారితే మళ్లీ చూడాల్సిందే. పోర్టబుల్ ఎక్స్‌రేలో పెల్విస్ ఎడమ సగం పైకి జరిగి ఉంది, ముందు కీలు విడిపోయింది.

ఇప్పుడు రెండు చోట్ల రక్తం పోతోంది. ఇక్కడే పెద్ద వాదన జరిగింది. విశాఖపట్నం పంపేద్దాం అని ఒకరు, అక్కడ ఎంబొలైజేషన్, అంటే కారే రక్తనాళాన్ని లోపల్నుంచి మూసెయ్యడం, దొరుకుతుంది, మా దగ్గర లేదు. మాట నిజమే. కానీ శ్రీకాకుళం నుంచి విశాఖకి వంద కిలోమీటర్లు పైనే. రణస్థలం, భోగాపురం దాటి సిటీ ట్రాఫిక్‌లో దూరి ఆసుపత్రి గుమ్మం చేరేసరికి ఎంత తొందరగా అన్నా రెండు గంటలు, అక్కడ మళ్లీ మొదటి నుంచి చూసుకుని క్యాథ్ ల్యాబ్ తెరిచేసరికి ఇంకో గంట. రెండు యూనిట్ల రక్తంతో 95కి లేచిన బీపీ ఆ మూడు గంటలు నిలబడదు. సీటీకి కూడా పంపలేదు. మా సర్జన్ గారు మాట్లాడింది రెండే ముక్కలు: "ప్యాకింగ్ నేను చేస్తాను. ఆపాక పంపుదాం." ప్యాకింగ్ అంటే రక్తం కారే చోట మాప్స్, అంటే రక్తం పీల్చే గుడ్డలు, గట్టిగా కుక్కి ఆపడం. ఆయన ఆ మాట అనకపోతే ఈ కేసు వేరేలా ముగిసేది. మన జిల్లా ఆసుపత్రుల్లో సర్జన్లకీ ఆర్థో వాళ్లకీ నా విన్నపం ఇదే, పెల్విస్ ప్యాకింగ్‌కి పెద్ద మిషన్లు అక్కర్లేదు, మాప్స్ కావాలి, కింది పొట్ట మీద ఒక కోత కావాలి, చేద్దామనే నిర్ణయం కావాలి.

కొడుకు దారిలో ఉన్నాడు, ఫోన్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మీ నాన్నగారికి లోపల రక్తం పోతోంది, ఆపరేషన్ టేబుల్ మీద కూడా ప్రాణాపాయం ఉంది, అయినా చెయ్యకపోతే బతకడు." అటునుంచి కాసేపు ఏ మాటా లేదు, తర్వాత "సేసీండి సార్, మా బాబాయి సంతకం పెడతాడు" అన్నాడు.

10:05కి థియేటర్. మత్తు ఇవ్వడం గురించి ఒక్క మాట. ఇలాంటి పేషెంటుకి ఎమర్జెన్సీలోనే ట్యూబ్ వేసేయాలని చేతులు దురద పెడతాయి. రక్తం లేని గుండె మీద మత్తు మందు, ఆ పైన వెంటిలేటర్ ఒత్తిడి పడితే అక్కడికక్కడే ఆగిపోవచ్చు. ఈయన శ్వాస తనే తీసుకుంటున్నాడు, కాబట్టి ఆగాం. థియేటర్‌లో పొట్ట కడిగి, గుడ్డలు కప్పి, సర్జన్ కత్తి పట్టుకుని నిలబడ్డాక, మూడో యూనిట్ వెళ్తుండగా, మా అనస్థీషియా మేడమ్ కెటమిన్ మామూలు డోసులో సగం ఇచ్చి ట్యూబ్ వేశారు. బీపీ 80కి పడి మళ్లీ లేచింది.

ఆర్థో వాళ్లు ముందుగా విరిగిన ఎముకలు కదలకుండా పట్టే ఫిక్సేటర్ బయటి నుంచి బిగించారు, అప్పుడు దుప్పటి విప్పారు. కింది కోతలోంచి మూత్రాశయానికి రెండు పక్కలా మూడేసి మాప్స్ కుక్కారు. పైన వేరే కోత వేసి చూస్తే పొట్టలో దాదాపు 600 మి.లీ. రక్తం, ప్లీహం చీలి ఉంది, తీసేశారు. మిగతా ఏదీ అందంగా చేసే ప్రయత్నం చెయ్యలేదు. గంటా పది నిమిషాల్లో ఐసీయూకి. మొత్తం ఎనిమిది రెడ్ సెల్ యూనిట్లు, ఆరు ప్లాస్మా, సాయంత్రానికి విశాఖ నుంచి తెప్పించిన నాలుగు ప్లేట్‌లెట్లు. లాక్టేట్ రాత్రికి 3.1, మర్నాడు పొద్దుటికి 1.6. 36 గంటలకి మాప్స్ తీశారు, మళ్లీ కారలేదు.

కష్టం ఆ తర్వాత వచ్చింది. మూడో రోజుకి క్రియాటినిన్ 4.6, యూరిన్ రావడం లేదు. డయాలసిస్ చెయ్యాలి అని చెప్పగానే, ఆపరేషన్ మాట విన్నప్పుడు కూడా నిలబడ్డ ఆయన భార్య నేల మీద కూలబడిపోయింది. ఉద్దానంలో ఆ మాట వింటే వాళ్ల కళ్ల ముందు ఎవరెవరు కదులుతారో మనకి తెలియదు. ఆవిడ అన్నయ్య డయాలసిస్ మీదే పోయాడట. ఇది ఆ జబ్బు కాకపోవచ్చు, రక్తం చాలక కిడ్నీ అలిసిపోయింది, కోలుకోవచ్చు అని నేను చెప్పిన మాటని ఆవిడ ఆ రోజు నమ్మలేదు, నేను కూడా గట్టిగా హామీ ఇవ్వలేకపోయాను. రెండు సార్లు చేశాం. ఆరో రోజున యూరిన్ మొదలైంది.

అన్నీ కుదుటపడ్డాక తల నుంచి పాదం దాకా మళ్లీ పరీక్ష చేస్తే ఎడమ మడమ ఎముక, నడుం దగ్గర ఎల్1 పూస కూడా విరిగి ఉన్నాయి. ఎత్తు నుంచి పడ్డవాళ్లలో ఈ రెండూ తరచూ కలిసే వస్తాయి, మొదటి రోజు ఎవరూ చూడరు, చూడక్కర్లేదు కూడా, కానీ తర్వాత మర్చిపోకూడదు. ఎనిమిదో రోజున పెల్విస్ శాశ్వత ఆపరేషన్‌కి విశాఖ పంపాం. ఈసారి రక్తం కారడం లేదు, ప్రయాణం నింపాదిగా జరిగింది. ప్లీహం తీసేశారు కాబట్టి రెండు వారాలకి న్యూమోకాకల్, మెనింగోకాకల్, హిబ్ టీకాలు వేయించమని డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాం.

మేం మార్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ట్రయాజ్ కాగితం మీద బీపీ గడి పక్కనే "బీపీ మాత్ర వాడతారా, ఏది" అనే గడి వచ్చింది. చెయ్యి పట్టుకుని చూడకుండా పసుపు ట్యాగ్ వెయ్యొద్దని, దెబ్బ తగిలిన తీరు పెద్దదైతే అంకెలు బాగున్నా రెడ్‌లోనే పెట్టాలని అనుకున్నాం. రెడ్ ఏరియాలో మడిచిన దుప్పటి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పలాస, సోంపేట వైపు 108లో పనిచేసే వాళ్లతో కూర్చుని పెల్విస్ కట్టడం ఒక మధ్యాహ్నం సాధన చేశాం, వాళ్లు మాకంటే తొందరగా నేర్చుకున్నారు. ఆ రోజు ఆయన్ని తెచ్చిన టెక్నీషియన్ కూడా వచ్చాడు. తర్వాత రెండు నెలలకి అతనే నరసన్నపేట దగ్గర లారీ గుద్దిన ఒకతనికి తన లుంగీతో కట్టి, రెండు లావు క్యానులాలు పెట్టి తెచ్చాడు.

పొలాల్లో, తోటల్లో పనిచేసే వాళ్లకి ఎవరైనా చెప్పగలిగితే చెప్పండి. ఎత్తు నుంచి పడ్డ మనిషిని కూర్చోబెట్టొద్దు, నడిపించొద్దు, చెక్క మీదో మంచం మీదో వెల్లకిలా పడుకోబెట్టి, పంచె గానీ చీర గానీ మడిచి జేబుల ఎత్తులో గట్టిగా చుట్టి, మోకాళ్లు కలిపి కట్టి, 108కి ఫోన్ చేసి, పడిన టైము గుర్తుపెట్టుకోవాలి. బొండం నీళ్లు పట్టొద్దు.

మూడు నెలలకి రివ్యూకి వచ్చాడు, చేతికర్రతో నడుస్తూ. క్రియాటినిన్ 1.8, అంటే దాదాపు పడ్డ రోజు ఉన్నంతే, కాబట్టి కిడ్నీ డాక్టరు దగ్గర నెలనెలా చూపించుకోవాలి. బీపీకి అటెనొలాల్ తీసేసి వేరే మాత్ర పెట్టారు. ఈసారి ఆయన భార్య సంచిలోంచి బీపీ పుస్తకం తనే ముందుగా తీసి నర్సు చేతిలో పెట్టింది.